కౌన్సెలింగ్ అంటే సీటు ఒక్కటేనా?

బెంగళూరు కళాశాలల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్య సేవలు: చట్టం చెప్పేది, జరుగుతున్నది, సరిహద్దు కుటుంబాలు తెలుసుకోవలసినది

సరిహద్దు మండలాల ఇళ్లలో ‘కౌన్సెలింగ్’ అన్న మాట వినగానే గుర్తుకు వచ్చేది ఎంసెట్ ర్యాంకు, ధ్రువపత్రాల పరిశీలన, కళాశాలల ఎంపిక. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరీక్ష పేరు 2021లో ఈఏపీసెట్‌గా మారినా ఊళ్లలో నేటికీ అది ఎంసెట్ కౌన్సెలింగే. సీటు ఖరారయ్యేదాకా కుటుంబమంతా ఆ మాట చుట్టూ తిరుగుతుంది. సీటు దొరికిన మరునాటి నుంచి ఆ మాటతో ఇక పని లేదనుకుంటుంది.

ఆ మాటకు మరొక అర్థం ఉన్నది. ఊరు విడిచి నగరానికి చేరిన పిల్లవాడు దిగులుతో నిద్ర పట్టక, తరగతికి పోలేక, ఇంటికి చెప్పుకోలేక నలిగిపోతున్నప్పుడు, శిక్షణ పొందిన మనిషి ఎదుట కూర్చుని మనసు విప్పుకునే ఏర్పాటునూ కౌన్సెలింగ్ అనే అంటారు. మొదటి కౌన్సెలింగ్‌కు తండ్రి సెలవు పెట్టి వెంట వెళతాడు. రెండవ కౌన్సెలింగ్ అవసరమైనదన్న సంగతి ఆ తండ్రికి తెలియదు. తెలిసినా నలుగురిలో చెప్పుకోడు. పిల్లవానికి పిచ్చి పట్టిందంటారేమోనన్న భయం, ఆడపిల్ల అయితే రేపు సంబంధాలు రావేమోనన్న భయం నోరు నొక్కేస్తాయి.

హిందూపురం, మడకశిర, చిలమత్తూరు, మదనపల్లె, పలమనేరు, కుప్పం ప్రాంతాల వారికి బెంగళూరు పరాయి నగరం కాదు. తెల్లవారుజామున బస్సో రైలో ఎక్కితే పొద్దెక్కేసరికి చేరుకోవచ్చు. కామెడ్‌కె పరీక్ష ద్వారానో యాజమాన్య కోటాలోనో ఇంజనీరింగులో చేరేవారు, నర్సింగ్, ఫార్మసీ, బీబీఏ, బీసీఏ కోర్సులకు పోయేవారు ఏటా ఎందరో ఉన్నారు. కొడికొండ చెక్‌పోస్టు దాటి వెళ్లే ఆ పిల్లల చదువు ఖర్చు ఎంతో ఆ ఇళ్లలో అందరికీ తెలుసు. వారి మనసు బాగోగులు చూసేందుకు ఆ నగరంలో ఏమున్నదో, చట్టం ఏమి చెబుతున్నదో మాత్రం చాలామందికి తెలియదు.

అంకెలు చెబుతున్న వాస్తవం

జాతీయ నేర నమోదుల సంస్థ లెక్కల ప్రకారం 2021లో దేశంలో 13,089 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2022లో ఆ సంఖ్య 13,044. 2023లో 13,892. అంటే సగటున రోజుకు 35 మందికి పైబడిన విద్యార్థులు. అదే 2022లో పరీక్షల్లో వైఫల్యం కారణంగా నమోదైన ఆత్మహత్యలు 2,248. ఆ కారణం కింద చేరినవారందరూ విద్యార్థులే అనుకున్నా, అది మొత్తం విద్యార్థి మరణాలలో ఆరవ వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే. ‘పరీక్ష తప్పాడు, ప్రాణం తీసుకున్నాడు’ అని ఒక్క వాక్యంతో ముగించే అలవాటు ఎంత పొరపాటో ఈ లెక్కే చెబుతుంది. ఇంటి తగాదాలు, ప్రేమ వ్యవహారాలు, అప్పు, వేధింపు, మత్తు పదార్థాలు, గుర్తించని మానసిక వ్యాధి వంటివి అనేకం ముడిపడి ఉంటాయి. సాధారణంగా ఒక్క కారణం ఎవరినీ అంతదూరం నెట్టదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 సంవత్సరానికి ఇచ్చిన లెక్కలలో 15 నుంచి 29 ఏళ్ల వయసువారి మరణ కారణాలలో ఆత్మహత్యది మూడవ స్థానం. మానసిక వ్యాధులలో పెద్ద భాగం యౌవనంలోనే మొదలవుతుంది. పిల్లలు ఇల్లు వదిలి కళాశాలలో చేరే వయసు, ఈ వ్యాధులు తల ఎత్తే వయసు ఒక్కటే కావడం గమనించదగిన విషయం. ఇంట్లో ఉండగా తల్లి కనిపెట్టగలిగిన మార్పును పరాయి ఊరిలో కనిపెట్టేవారు ఉండరు.

నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, పెద్దలలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్లు తేల్చింది. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది. కొన్ని వ్యాధుల విషయంలో చికిత్స అందనివారు 70 శాతం పైమాటే. లక్ష జనాభాకు ముగ్గురు మనోవైద్యులు ఉండాలని నిపుణులు చెబుతుండగా దేశంలో ఉన్నది ఒక్కరి కంటే తక్కువ.

పల్లె నుంచి పీజీ వరకు

గ్రామంలో తెలుగు మాధ్యమంలోనో అరకొర ఆంగ్లంలోనో చదివిన విద్యార్థి బెంగళూరులో మొదటి ఆరు నెలలు ఎదుర్కొనేది పాఠాల కష్టం ఒక్కటే కాదు. తరగతిలో ఆంగ్లం, వీధిలో కన్నడం, గదిలో హిందీ. సరిహద్దు పల్లెలవారికి కన్నడం కొంత అర్థమవుతుంది గనుక వీధిలో ఇబ్బంది తక్కువ. కానీ తరగతిలో లేచి ప్రశ్న అడగలేని బిడియం, తోటివారి బట్టలు, ఫోన్లు, ఖర్చులు చూసినప్పుడు కలిగే న్యూనత ఎవరికీ చెప్పుకోలేని బాధలు. పదవ తరగతిలో మండలానికి మొదటివాడుగా నిలిచిన పిల్లవాడు ఇక్కడ మూడు సబ్జెక్టులు తప్పితే, ఆ మాటను ఇంటికి ఎలా చేరవేయాలో తెలియక మొదట అబద్ధం చెబుతాడు, తరువాత మాట్లాడడమే తగ్గిస్తాడు.

కళాశాల హాస్టల్లో సీటు దొరకనివారు, అక్కడి రుసుము భరించలేనివారు ‘పీజీ’లలో చేరతారు. బీటీఎం లేఅవుట్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాలలో తెలుగువారి భోజనం పెట్టే పీజీలకు కొదవ లేదు. అయితే హాస్టల్లో కనీసం వార్డెన్ అనే మనిషి ఉంటాడు. పీజీలో నెల అద్దె వసూలు చేసే మేనేజరు మాత్రమే ఉంటాడు. పిల్లవాడు మూడు రోజులు గది దాటి రాలేదని అడిగే బాధ్యత అతనిది కాదు. కళాశాల దృష్టిలో ఆ విద్యార్థి గైర్హాజరు జాబితాలో ఒక సంఖ్య మాత్రమే.

కుటుంబం పడే తపన కూడా ఒత్తిడిగా మారే సందర్భాలున్నాయి. పొలం తాకట్టు, చీటీ పాట, బంగారం మీద అప్పు చేసి పంపిన తండ్రి ‘నీ మీదే ఆశ పెట్టుకున్నాం’ అని ప్రేమతోనే అంటాడు. కుంగుబాటులో ఉన్న పిల్లవాని చెవికి అదే మాట ‘నువ్వు మాకు భారం’ అన్నట్లు వినిపిస్తుంది. ఇందులో తండ్రి తప్పు లేదు. ఆ స్థితిలో ఉన్న మనసు ప్రతి మాటను తనకు వ్యతిరేకంగానే అర్థం చేసుకుంటుంది. ఆ వ్యాధి లక్షణమే అది.

ఎవరు ఏమి చేస్తారు?

కౌన్సెలర్, సైకాలజిస్టు, సైకియాట్రిస్టు అన్న మూడు మాటలను ఒకే అర్థంలో వాడడం పరిపాటి అయినది. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తరువాత మనోవైద్యంలో ఉన్నత విద్య అభ్యసించిన వైద్యుడు. ఈ ముగ్గురిలో మందులు రాసే అధికారం ఆయనకే ఉన్నది. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయడు. పరీక్షల ద్వారా సమస్యను అంచనా వేసి, మాటల ద్వారా చికిత్స చేస్తాడు. భారత పునరావాస మండలి గుర్తింపు పొందిన శిక్షణ అతనికి ఉండాలి. కౌన్సెలర్ రోజువారీ ఒత్తిళ్లు, సంబంధాల చిక్కులు, చదువు ఆందోళనల వంటి విషయాలలో సాయపడతాడు. సమస్య తన పరిధి దాటినదని గుర్తించి పై నిపుణుని దగ్గరకు పంపడం మంచి కౌన్సెలర్ లక్షణం.

కౌన్సెలింగ్ అంటే హితబోధ కాదు. ‘ధైర్యంగా ఉండు, బాగా చదువు, అమ్మానాన్నలను గుర్తు తెచ్చుకో’ అని చెప్పడానికి శిక్షణ అక్కరలేదు. ఊరిలో ఎవరైనా చెప్పగలరు. సాధారణంగా 45 నిమిషాల నుంచి గంట వరకు, వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాలపాటు జరిగే సంభాషణ అది. మాట్లాడేది ఎక్కువగా విద్యార్థి, వినేది కౌన్సెలర్. ఒక్కసారి వెళ్లి వచ్చి ‘ఏమీ లాభం లేదు’ అనుకోవడం సరికాదు. మందులు వాడవలసి వచ్చినా అంతే. కుంగుబాటుకు ఇచ్చే మందులు పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొంత నెమ్మదించగానే వైద్యుని అడగకుండా మానివేయడం ప్రమాదకరం.

నగరంలో ఉన్న ఆధారాలు

మానసిక వైద్యంలో దేశానికి దారి చూపిన నగరం బెంగళూరు. అక్కడ 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ, పాత మైసూరు రాష్ట్ర మానసిక వైద్యశాలతో కలిసి 1974లో నిమ్హాన్స్‌గా రూపొందింది. 2012 చట్టంతో దానికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ హోదా లభించింది. హోసూరు రోడ్డులోని ఆ ఆసుపత్రి ఆవరణలో తెలుగు మాట వినిపించడం కొత్త కాదు. రాయలసీమ జిల్లాల నుంచి తరతరాలుగా రోగులు అక్కడికే వెళుతున్నారు. ఆసుపత్రి గేటు దాటడానికి జంకేవారి కోసం బీటీఎం లేఅవుట్‌లో ‘సెంటర్ ఫర్ వెల్ బీయింగ్’ పేరుతో వేరే కేంద్రాన్ని నిమ్హాన్స్ నెలకొల్పింది. వ్యాధి ముదిరిన తరువాత కాక, ఒత్తిడి దశలోనే సలహా తీసుకునే వీలు కల్పించడం దాని ఉద్దేశం.

సరిహద్దు ప్రజలకు ఆసక్తి కలిగించే చరిత్ర మరొకటి ఉన్నది. పెద్దాసుపత్రికి రాలేని పల్లెవారికి జిల్లాలోనే మానసిక వైద్యం అందించవచ్చునని నిమ్హాన్స్ 1980లలో ప్రయోగాత్మకంగా నిరూపించినది అనంతపురం పొరుగున ఉన్న బళ్లారి జిల్లాలోనే. ఆ బళ్లారి నమూనా ఆధారంగానే 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. నేడు అది 700కు పైగా జిల్లాలకు విస్తరించింది. కర్ణాటక 2014లో ‘మనోచైతన్య’ పేరిట తాలూకా ఆసుపత్రులలో మంగళవారాలు మానసిక వైద్య శిబిరాలను ప్రవేశపెట్టింది. యువజనుల కోసం నిమ్హాన్స్ సహకారంతో ‘యువ స్పందన’ కార్యక్రమాన్ని చేపట్టింది.

అన్నింటికంటె తేలికగా అందేది టెలిఫోను. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించి, 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవ నంబరు 14416. రాత్రింబవళ్లు పని చేస్తుంది. రుసుము లేదు. దీనికి కేంద్ర స్థానం నిమ్హాన్స్. సాంకేతిక సహకారం బెంగళూరు ఐఐఐటీది. తెలుగుతో సహా 20 భాషలలో సేవ లభిస్తుంది. ఫోను చేసినవారు భాషను ఎంచుకోవచ్చు. అవసరమైతే పిలుపును మనోవైద్యునికి అందించే ఏర్పాటు ఉన్నది. కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో ప్రారంభించిన ‘మనోదర్పణ్’ విద్యార్థుల కోసం ప్రత్యేకించినది. స్వచ్ఛంద సంస్థలలో చెన్నైలోని ‘స్నేహ’ 1986 నుంచి, హైదరాబాదులోని ‘రోష్ని’ 1997 నుంచి ఆపదలో ఉన్నవారి మాట వింటున్నాయి.

కళాశాలల విషయానికి వస్తే తేడా స్పష్టం. భారతీయ విజ్ఞాన సంస్థ, క్రైస్ట్ విశ్వవిద్యాలయం వంటి పెద్ద విద్యాసంస్థలలో కౌన్సెలింగ్‌కు ప్రత్యేక కేంద్రాలున్నాయి. కానీ సరిహద్దు ప్రాంతపు పిల్లలలో అత్యధికులు చేరేది నగరం అంచుల్లోని చిన్న ఇంజనీరింగ్, నర్సింగ్, డిగ్రీ కళాశాలలలో. పరిశీలించవలసినది అక్కడి పరిస్థితిని.

సుప్రీంకోర్టు ఏమన్నది?

విశాఖపట్నంలో వైద్య ప్రవేశ పరీక్షకు శిక్షణ పొందుతూ హాస్టల్లో ఉన్న 17 ఏళ్ల బాలిక 2023 జులైలో మరణించింది. ఆ కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించడమే కాక, దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలను వెలువరించింది. చట్టం వచ్చేవరకు ఇవి పాఠశాలలు, కళాశాలలు, విశ్వవిద్యాలయాలు, కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్లు అన్నింటికీ శిరోధార్యమే. విశాఖలో జరిగిన ఆ బాలిక మరణం నుంచి పుట్టిన ఈ ఆదేశాలు బెంగళూరు కళాశాలలకూ అంతే వర్తిస్తాయి.

వాటిలో తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. 100 మంది లేదా అంతకంటె ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సామాజిక కార్యకర్త కనీసం ఒక్కరు ఉండాలి. అంతకంటె చిన్న సంస్థలు బయటి నిపుణులతో లాంఛనంగా ఒప్పందం కుదుర్చుకోవాలి. టెలి మానస్ వంటి సహాయ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదులలో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కుల పేరిట పిల్లలను నలుగురిలో అవమానించడం, ప్రతిభ పేరుతో విడదీయడం తగదు. తల్లిదండ్రులకు అవగాహన సదస్సులు నిర్వహించాలి. సంస్థ తన మానసిక ఆరోగ్య విధానాన్ని రాతపూర్వకంగా ప్రకటించి ఏటా సమీక్షించాలి.

అంతకు నాలుగు నెలల ముందు, 2025 మార్చి 24న, ఉన్నత విద్యాసంస్థలలో విద్యార్థుల మరణాలపై విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎస్.రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని కూడా సుప్రీంకోర్టు ఏర్పాటు చేసింది. కమిటీలు తెలుగువారికి కొత్త కాదు. కార్పొరేట్ జూనియర్ కళాశాలల్లో మరణాలపై 2001లో ఉమ్మడి రాష్ట్రంలో నీరదా రెడ్డి కమిటీ, 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ అధ్యయనం చేశాయి. నివేదికలు వచ్చాయి. మరణాలు ఆగలేదు. కనుకనే ఈసారి వచ్చిన ఆదేశాలు అమలవుతున్నవా లేదా అని అడగవలసిన బాధ్యత కుటుంబాల మీద కూడా పడింది.

కాగితానికీ గదికీ మధ్య

నియామకం ఒకటి, సేవ మరొకటి. గోడ మీద కౌన్సెలర్ పేరు, ఫోను నంబరు ఉన్నంత మాత్రాన పిల్లవాడు ఆ గది తలుపు తడతాడనుకోరాదు. తలుపు తట్టకపోవడానికి ప్రధానంగా మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది నమ్మకం. పాఠం చెప్పే లెక్చరరుకే ఆ బాధ్యతను అదనంగా అప్పగిస్తే, ఇంటర్నల్ మార్కులు వేసే చేతికి విద్యార్థి తన రహస్యం ఎలా అందిస్తాడు? జీతం యాజమాన్యం ఇస్తుంది గనుక, ఆ యాజమాన్యం మీదనే ఫిర్యాదు ఉన్న విద్యార్థి అక్కడ మాట్లాడగలడా? కౌన్సెలర్ గది ప్రిన్సిపాల్ గది పక్కనే ఉంటే, అందరి కళ్లముందు అందులోకి ఎవరు పోతారు?

రెండవది భాష. బాధ పుట్టేది మాతృభాషలో. ‘మనసు బాగోలేదు’, ‘గుండె దడగా ఉంది’, ‘ఏం చేయబుద్ధి కావడం లేదు’ అనగలిగినవాడు అదే సంగతిని ఆంగ్లంలో చెప్పవలసి వస్తే ‘ఐ యామ్ ఫైన్’ అని లేచిపోతాడు. తెలుగు విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్న కళాశాలలు తెలుగు తెలిసిన కౌన్సెలర్‌ను వారానికి రెండు రోజులైనా రప్పించడం అసాధ్యమేమీ కాదు. కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల నిండా తెలుగు మాట్లాడేవారున్న రాష్ట్రంలో అటువంటి నిపుణులు దొరకరనడం నమ్మదగిన మాట కాదు.

మూడవది పీజీ. కోర్టు ఆదేశాలు విద్యాసంస్థలకు, హాస్టళ్లకు వర్తిస్తాయి. కానీ ప్రైవేటు ఇళ్లలో నడిచే వసతి గృహాలలోని పిల్లలను రాత్రి పది గంటల తరువాత పట్టించుకునేది ఎవరు? ఆపద ముంచుకొచ్చేది తరచు ఆ వేళలోనే. హాజరు వరుసగా పడిపోయిన విద్యార్థికి కళాశాల ఒక ఫోను చేయడం, అతని గదిలోని స్నేహితునికి 14416 నంబరు తెలిసి ఉండడం పెద్ద భవనాల కంటె విలువైన ఏర్పాట్లు.

తల్లిదండ్రులకు చెప్పాలా, వద్దా?

అన్నింటికంటె చిక్కు ప్రశ్న ఇది. ‘మా బిడ్డ సంగతి మాకు చెప్పకుండా దాచడమేమిటి? ఫీజు కట్టేది మేమే కదా!’ అన్నది పల్లె తల్లిదండ్రుల మాట. ఆ మాటలో న్యాయమున్నది. ‘ఇంటికి చెబుతారని తెలిస్తే ఆ గదికి వెళ్లనే వెళ్లను’ అన్నది పిల్లల మాట. అందులోనూ న్యాయమున్నది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. చికిత్స పొందే వ్యక్తి వివరాలను గోప్యంగా ఉంచడం నిపుణుల విధి. 18 ఏళ్లు నిండిన విద్యార్థి చట్టరీత్యా పెద్దవాడు. అయితే ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఇతరులకు హాని జరగగలదన్నప్పుడు గోప్యతకు మినహాయింపు ఉన్నది. తన తరఫున నిర్ణయాలలో తోడుండేందుకు ఒక ప్రతినిధిని పేర్కొనే హక్కు కూడా ఆ చట్టం వ్యక్తికి ఇచ్చింది. ఆ ప్రతినిధి తల్లి కావచ్చు, అన్న కావచ్చు, స్నేహితుడు కావచ్చు.

మామూలు బాధలన్నింటినీ ఇంటికి చేరవేసే కౌన్సెలర్ దగ్గరకు వారం తిరిగేసరికి ఒక్క విద్యార్థీ రాడు. ప్రాణం మీదికి వచ్చినా నోరు మెదపని కౌన్సెలర్ కుటుంబానికి ద్రోహం చేసినవాడవుతాడు. మొదటి సమావేశంలోనే ‘ఇవి నా దగ్గరే ఉంటాయి, ఇవి మాత్రం చెప్పక తప్పదు’ అని విద్యార్థికి వివరించడమే మేలైన పద్ధతి. తల్లిదండ్రులు చేరిక రోజునే ఆ నియమం ఏమిటో అడిగి తెలుసుకోవడం మంచిది. తమ బిడ్డ తమకు చెప్పని మాటను మరొక మంచి మనిషికి చెప్పుకున్నందుకు బాధపడకుండా ఊరట పొందగలిగితే, సగం దారి దాటినట్లే.

కేసు అవుతుందన్న భయంతో ఆత్మహత్యా యత్నాన్ని దాచి, సరైన వైద్యం ఇప్పించని కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆ వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలని, శిక్షించరాదని 2017 చట్టం చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షను లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికి చేసే యత్నం మాత్రమే అందులో నేరం. మానసిక వ్యాధులకు కూడా శారీరక వ్యాధులతో సమానంగా ఆరోగ్య బీమా వర్తింపజేయాలని అదే 2017 చట్టం బీమా సంస్థలను ఆదేశించింది.

సలహాతో తీరని కష్టాలు

విద్యార్థి దిగులుకు మూలం మనసులోనే ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. కోర్సు తనకు సరిపడదని తెలిసి విడిచిపోదామంటే, పదవ తరగతి, ఇంటర్మీడియట్ అసలు ధ్రువపత్రాలు కళాశాల బీరువాలో ఉంటాయి. నాలుగేళ్ల ఫీజు మొత్తం కడితేనే ఇస్తామంటారు. అటువంటి విద్యార్థికి ఎన్ని గంటల కౌన్సెలింగ్ ఇచ్చినా ఏమి ప్రయోజనం? అసలు ధ్రువపత్రాలను అట్టిపెట్టుకోరాదని, చేరిక రద్దు చేసుకున్నవారికి నియమం ప్రకారం ఫీజు తిరిగి ఇవ్వాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 అక్టోబరులో ప్రకటన జారీ చేసింది. ఆ సంగతి తెలియక కాళ్లావేళ్లా పడుతున్న కుటుంబాలు ఎన్నో.

హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వకపోవడం, ఉపకార వేతనం ఆలస్యమైతే హాల్ టికెట్ ఆపివేయడం, ర్యాగింగ్, కులం పేరిట ఎగతాళి కౌన్సెలర్ గదిలో తీరే సమస్యలు కావు. వాటిని కళాశాల పాలకవర్గం, విశ్వవిద్యాలయం, ప్రభుత్వం పరిష్కరించాలి. ‘కౌన్సెలర్‌ను పెట్టాం కదా’ అని యాజమాన్యాలు ఆ బాధ్యత నుంచి తప్పుకోవడానికి వీలివ్వకూడదు. ఒత్తిడి పెట్టే చేయి, ఓదార్చే చేయి ఒకటే అయితే ఆ ఓదార్పును ఎవరూ నమ్మరు.

ఇంటి వంతు

చేరిక రోజున తల్లిదండ్రులు ఫీజు, హాస్టలు, మెస్సు గురించి అడుగుతారు. వాటితోపాటు నాలుగు ప్రశ్నలు అడగాలి. కౌన్సెలర్ ఎవరు, అర్హత ఏమిటి? ఏ రోజులలో, ఏ వేళలలో ఉంటారు? తెలుగులో మాట్లాడగలవారున్నారా? రాత్రివేళ ఆపద వస్తే ఎవరికి ఫోను చేయాలి? జవాబు చెప్పలేని కళాశాల ఆ జవాబు వెతుక్కోవలసి వస్తుంది. పదిమంది తండ్రులు అడిగితే ఏర్పాటు చేయక తప్పదు.

ఇంటి నుంచి ఫోను చేసినప్పుడు ‘మార్కులు ఎన్ని?’ అన్నది మొదటి ప్రశ్న కాకుండా చూడాలి. ‘నిద్ర పడుతోందా? ఎవరితో కలిసి తింటున్నావు?’ అని అడిగితే మార్కుల కంటె ఎక్కువ సంగతులు తెలుస్తాయి. ఎప్పుడూ మాట్లాడేవాడు ముక్తసరిగా జవాబిచ్చి పెట్టేయడం, పండుగకు కూడా ఇంటికి రాననడం, నిద్ర, తిండి తలకిందులు కావడం, ఇష్టమైన వస్తువులను ఇతరులకు ఇచ్చేయడం, ‘నేను లేకపోతే మీకు హాయి’ వంటి మాటలు రావడం హెచ్చరికలు. ఆ మాట విన్నప్పుడు తిట్టడం, ప్రమాణాలు చేయించడం పని చేయవు. ‘చనిపోవాలనిపిస్తోందా నాయనా?’ అని నెమ్మదిగా, నేరుగా అడగవచ్చు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని నిపుణులు ఘంటాపథంగా చెబుతున్నారు. అడిగినవారున్నారన్న ఊరటే చాలాసార్లు ప్రాణాన్ని నిలుపుతుంది. అవునన్న జవాబు వస్తే ఒంటరిగా వదలకూడదు. దగ్గరి స్నేహితుణ్ణి తోడుంచి, 14416కు ఫోను చేసి, అవసరమైతే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తొలి బస్సుకు బయలుదేరాలి. ఏడాది చదువు పోయినా మళ్లీ కట్టుకోవచ్చు.

సెలవులకు వచ్చిన బిడ్డ దిగులుగా ఉంటే, పొలం మందులను తాళం వేసిన పెట్టెలో, ఇంటికి దూరంగా ఉంచడం ప్రతి రైతు ఇల్లు పాటించవలసిన జాగ్రత్త. దిష్టి తీయించినా, దర్గాకో గుడికో మొక్కుకున్నా తప్పు లేదు. దాని కోసం వైద్యాన్ని వాయిదా వేయడమే తప్పు.

బెంగళూరుకు పోయే పిల్లవాని సంచిలో అమ్మ నిమ్మకాయ పచ్చడి, వేరుశెనగ ఉండలు సర్దుతుంది. నాన్న ఏటీఎం కార్డు ఇచ్చి జాగ్రత్తలు చెబుతాడు. ఆ జాగ్రత్తలలో మరొక్కటి చేరాలి: ‘ఎప్పుడైనా మనసు బాగోలేకపోతే మాకు చెప్పు. మాకు చెప్పలేకపోతే కౌన్సెలర్‌కు చెప్పు. పరీక్ష పోతే పోనీ, ఇంటి తలుపు తెరిచే ఉంటుంది.’ ఈ మాటకు ఖర్చు లేదు. బస్సు కదలకముందే చెప్పవలసిన మాట ఇది.